గొంతు నొప్పికి వంటింటి మందు ఎంతవరకు?

చి. ల. సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

చలి మొదలవగానే నీకూ బాబుకూ గొంతు పట్టేసిందని రాశావు. పసుపు, తేనె, అతిమధురం వీటికి క్రిములు నిజంగా చస్తాయా అని అడిగావు. ల్యాబులో గాజు పళ్ళెంలో పెంచిన బ్యాక్టీరియా మీద వేస్తే చాలావరకు చస్తాయి. అక్కడ మందు గంటల తరబడి అంటిపెట్టుకుని ఉంటుంది. గొంతులోనైతే గుక్క దిగిపోతుంది, మిగిలింది లాలాజలం కడిగేస్తుంది. పైగా గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. కాబట్టి వీటిని నొప్పీ వాపూ తగ్గడానికి వాడుకో. యాంటీబయాటిక్‌కు బదులు అనుకోకు.

ముందు ఉప్పునీళ్ళు. పావు లీటరు గోరువెచ్చని నీళ్ళకు అర టీస్పూను మెత్తని ఉప్పు, అంటే సుమారు 3 గ్రాములు. ఒంట్లోని ద్రవాలకు సరిపోయే సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం. నువ్వు కలిపింది అంతకన్నా కాస్త గాఢం కాబట్టే వాచిన పొరలోంచి నీరు లాగుతుంది. తక్కువైతే ఆ లాగుడు ఉండదు, మరీ ఎక్కువైతే మంటపుట్టి గొంతు ఎండిపోతుంది. దొడ్డుప్పైతే దంచి కొలువు, లేకపోతే గళ్ళ మధ్య ఖాళీలతో లెక్క తప్పుతుంది. తల వెనక్కి వాల్చి 'ఆ...' అని పదిహేను సెకన్లు శబ్దం చేస్తేనే నీళ్ళు టాన్సిల్స్ దాకా చేరతాయి. బుగ్గల్లో తిప్పి ఉమ్మితే పళ్ళు కడుక్కున్నట్టే. రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ గ్లాసు పూర్తయ్యేదాకా చెయ్యి. మింగకుండా ఉమ్మడం వస్తేనే బాబు చేత చేయించు.

తేనెలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. తేనె పలచబడినప్పుడు అది కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, తేనెకున్న క్రిమిసంహారక గుణంలో పెద్ద వాటా దానిదే. సలసలా కాగే నీళ్ళలో వేస్తే ఆ ఎంజైము పాడవుతుంది. తాగే వేడికి చల్లారాక కలుపు, లేదా పడుకునే ముందు ఒక చెంచా అలాగే చప్పరించనీ. ఎనిమిది నెలల పాపకు మాత్రం నాలిక్కి కూడా రాయొద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనెతో బొట్యులిజం, అంటే కండరాలు చచ్చుబడే జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరు చెప్పినా వినకు.

పసుపు నీళ్ళలో కరగదు, గ్లాసు అడుగున పేరుకునేది అదే. పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసి మీగడ తీయని పాలలో ఒక పొంగు రానివ్వు. పసుపులో పనిచేసే కర్క్యుమిన్ కొవ్వులో కరుగుతుంది, మిరియాలు దాన్ని ఒంటికి పట్టేలా చేస్తాయి.

అతిమధురం బేగంబజార్‌లో పుల్లలుగానే కొను, పొడిలో ఏం కలిసిందో తెలియదు. పైన గోధుమరంగు తోలు, విరిస్తే లోపల పసుపుపచ్చని పీచు, నమిలితే తీపి ఉండాలి. చిటికెన వేలంత ముక్క దంచి గ్లాసు నీళ్ళలో సగమయ్యేదాకా మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించు. ఆపరేషన్‌కు ముందు ఇలా పుక్కిలించిన రోగుల్లో, శ్వాసగొట్టం వేసినందువల్ల తర్వాత వచ్చే గొంతు నొప్పి తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. ఎక్కువగా తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. మీ అత్తయ్యగారికి బీపీ ఉంది కనుక ఆవిడకు వద్దు.

పచ్చి వెల్లుల్లి నలిపి నోట్లో ఉంచుకోమని ఎవరైనా చెబితే చెయ్యకు, లోపలి పొర కాలిపోతుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. బాబుకు దగ్గూ జలుబూ లేకుండా 101 డిగ్రీల జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు, దవడ కింద నొప్పి పుట్టే బిళ్ళలు కనిపిస్తే అది స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల కావచ్చు. దాన్ని కషాయాలతో సాగదీస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. బస్తీ దవాఖానాకైనా, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికైనా తీసుకెళ్ళు. పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ పది రోజులకు రాస్తే పది రోజులూ వేయాలి, మూడో రోజుకే హుషారుగా కనిపించినా ఆపకు. మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ తెచ్చి వేయకు.

గొంతులో బూడిదరంగు పొర కనిపించినా, మెడ వాచినా, చొంగ మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా గంట కూడా ఆగొద్దు. ఆ పొర కంఠసర్పిది, అంటే డిఫ్తీరియాది కావచ్చు, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు వెళ్ళు. బాబు టీకా కార్డు తీసి, డిఫ్తీరియా రాకుండా వేసే డీపీటీ టీకా 16-24 నెలల బూస్టరూ, 5-6 ఏళ్ళ డోసూ పడ్డాయో లేదో ఈరోజే చూడు.

పెద్దమ్మ