కుండీలో ఒక్క ఆటోఫ్లవర్ గంజాయి మొక్క పెంచుకుంటే ఏమవుతుంది? జయపురం నుంచి ఒక జవాబు

అడిగినవారి ప్రశ్న ఇది: "ఆటోఫ్లవర్ గంజాయి విత్తనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పెద్దగా ఎత్తు పెరగదు, మూడు నెలల్లోపే అయిపోతుంది అంటున్నారు. బాల్కనీలో ఒక్క కుండీ పెట్టుకుంటే ఏమవుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి."

ఆటోఫ్లవర్ అంటే పగటి నిడివితో పని లేకుండా వయసు రాగానే పూసే గంజాయి రకం. నేను దాన్ని పెంచలేదు. కానీ పెంచిన ఇంట్లో ఒక రాత్రంతా కూర్చున్నాను. మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. తాతల నాటి నుంచి ఇక్కడే ఉంటున్న తెలుగువాళ్లం. నాకు విత్తనాలు, ఎరువుల కొట్టు ఉంది. కాబట్టి మొక్క సంగతీ చెప్పగలను, ఇంటి సంగతీ చెప్పగలను. నా జవాబు మాత్రం ముందే చెప్పేస్తున్నాను: పెట్టొద్దు.

మా వైపు ఆదివారం సాయంత్రాలు త్రినాథ మేళా చేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ముగ్గురినీ కలిపి కొలిచే పూజ. నూనె దీపం, తాంబూలం, గంజాయి పెట్టడం పాత ఆనవాయితీ. ఇప్పుడు చాలా ఇళ్లలో గంజాయి మానేసి మిగిలిన వాటితో సరిపెడుతున్నారు. మా స్నేహితుడొకాయన రిటైర్డ్ మాస్టారు. వాళ్లింట్లో ఆ పూజకి వెళ్లాం. భజన పాడే పెద్దాయన ఎనభై దాటినవారు, పర్లాకిమిడి వైపు మనిషి, మేడ మెట్ల పక్కన గోడకి చేరబడి కూర్చున్నారు. పాట మధ్యలో ఆపి, ఎంతో సంతోషంగా అడిగారు: "అమ్మా, సామగ్రి అంతా తెప్పించావన్నమాట! ఈ రోజుల్లో ఎవరు తెచ్చిపెట్టారు?"

ఆయన అడిగింది మాస్టారి భార్యని, మా వదినగారిని. ఆవిడకి అర్థం కాలేదు. "ఏ సామగ్రి బాబుగారూ?"

"పైన పెట్టారు కదా, వాసన వస్తోంది."

భజన ఆగిపోయింది. టార్చి తీసుకుని మాస్టారు, నేను, ఇంకో ఇద్దరం మేడ మీదికి వెళ్లాం. నీళ్ల ట్యాంకు వెనక, మిరప కుండీలకీ బంతి కుండీలకీ మధ్య ఒక నల్లటి గ్రో బ్యాగ్. అందులో నా మోకాలు దాటని మొక్క. రంపం పళ్లలాంటి అంచులతో వేళ్లలా చీలిన ఆకులు. కొమ్మ చివర్లలో గుత్తులు, గుత్తుల నిండా తెల్లటి సన్నటి పోగులు, వాటిలో కొన్ని అప్పటికే గోధుమ రంగుకి తిరుగుతున్నాయి. టార్చి దగ్గరగా పెడితే చిన్నాకుల మీద పంచదార చల్లినట్టు మెరిసింది. ముట్టుకుంటే వేలికి జిగురు అంటుకుంది, సబ్బుతో కడిగినా వాసన వెంటనే పోలేదు. వెనకే వచ్చిన వదినగారు "అది గోగు కదండీ, రోజూ నేనే నీళ్లు పోస్తున్నాను" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. గోగులో చీలిన ఆకు రకం పక్కన పెడితే తెలియనివాళ్లెవరికైనా అలాగే ఉంటుంది.

మాస్టారి కొడుకు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాడు. నా కొట్లోనే కోకోపీట్, వేపపిండి కొన్నాడు, టమాటా వేస్తున్నానన్నాడు. మంచి పిల్లాడు, తాగుడు లేదు, గొడవలు లేవు. వీడియోలు చూసి చూసి మొక్కల పిచ్చి పట్టింది. "బాబాయ్, ఇది మీరనుకునేది కాదు, ఇది ఆటో. వేరే జాతి. పైగా విత్తనం చట్టంలో నేరం కాదు, ఒక్కటే మొక్క" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. మీరు అడిగిన ప్రశ్నలోనూ అదే ధైర్యం కనిపించింది, అందుకే ఇంత రాస్తున్నాను.

అదృష్టం ఏమిటంటే ఆ రోజు పూజకి వచ్చినవాళ్లలో ఒక వకీలు గారున్నారు. అక్కడే ట్యాంకు పక్కన నిలబడి ఫోన్‌లో సెక్షన్లు తీసి చూపించారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలో గంజాయి అంటే పూతా కాయా ఉన్న కొమ్మ చివర్లు, అవి లేకుండా విడిగా ఉన్న విత్తనం, ఆకు దాని కిందికి రావు. ఇంతవరకూ కుర్రాడి మాట నిజమే. కానీ అదే చట్టం గంజాయి మొక్క అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్కైనా అంటుంది. ఆటో అనీ, పొట్టి రకమనీ, ఫలానా జాతి అనీ మినహాయింపు లేదు. ఆ మొక్క సాగు చేయడమే 8వ సెక్షన్ కింద నిషేధం. 20వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకూ కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకూ జరిమానా పడొచ్చు. కిలో లోపు గంజాయి దొరికితే చిన్న పరిమాణం అంటారు, దానికి ఏడాది వరకే శిక్ష. ఆ లెక్క దొరికిన సరుకుకి. సాగుకి అలాంటి తగ్గింపు రాసి లేదు. అంటే జేబులో పొట్లం ఉన్నవాడి కంటే కుండీలో మొక్క ఉన్నవాడికే చట్టం పెద్ద శిక్ష రాసిపెట్టింది. ఈ సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు.

ఆ తర్వాత వకీలు గారు 25వ సెక్షన్ చదివారు. ఇంటి యజమాని తెలిసి తెలిసి తన ఇంట్లో ఇలాంటి పని జరగనిస్తే ఆయనకీ అదే శిక్ష. ఇల్లు మాస్టారి పేరు మీద ఉంది. రోజూ నీళ్లు పోసింది తల్లి. తెలియదు అంటే నమ్మేవాళ్లెవరు, ఏ మెట్టు మీద నమ్ముతారు? ఆ మాట విన్నాక కుర్రాడు ఇంక ఏమీ అనలేదు. వాళ్ల నాన్న మొక్కని వేళ్లతో సహా పీకేశారు. కింద భజన మళ్లీ మొదలైంది కానీ వదినగారు పూజ గదిలోంచి బయటికి రాలేదు. వీధిలో ఏ బండి ఆగినా అందరి చూపూ గుమ్మం వైపే. ఆ ఇంట్లో ఆ టెన్షన్ తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

ఇక మొక్క సంగతి. విత్తనాల కొట్టువాడిగా ఇది చెప్పకుండా ఉండలేను. అసలు మన దగ్గర ఆ ఆటో విత్తనం ఎవరికి అవసరం? మామూలు గంజాయి మొక్క రాత్రి నిడివిని బట్టి పూస్తుంది. చామంతి కూడా అంతే. మా తోటలో ఒక ఏడాది మున్సిపాలిటీ వాళ్లు గోడ పక్కన కొత్త ఎల్‌ఈడీ దీపం వేశారు. కార్తీకంలో మడి అంతా పూసింది, దీపం వెలుతురు పడే ఒక్క వరుస మాత్రం పచ్చగా ఏపుగా పెరిగి మొగ్గ వేయలేదు. చీకటి సరిపోలేదు దానికి. ఆటోఫ్లవర్‌కి ఈ బాధ లేదు, పగలెంతున్నా వయసు రాగానే పూస్తుంది. ఆ గుణం రష్యా వైపు అడవిగా పెరిగే పొట్టి గంజాయి నుంచి వచ్చింది. దానికి రుడెరాలిస్ అని 1924లో పేరు పెట్టారు. అక్కడ ఎండాకాలం చిన్నది, రాత్రులు పొడుగయ్యేదాకా ఆగితే మంచు చంపేస్తుంది. దాన్ని మత్తు ఎక్కువున్న రకాలతో కలిపి, 2000 తర్వాత తొలి ఏళ్లలో లోరైడర్ అనే రకంతో దీన్ని వ్యాపారం చేశారు. జూన్‌లో బెర్లిన్‌లో పగలు దాదాపు 17 గంటలు. వాళ్లకి ఈ విత్తనం నిజంగా పనికొస్తుంది. మనం ఉన్నది 19 డిగ్రీల అక్షాంశం దగ్గర. మా జయపురంలో ఎంత పెద్ద పగలైనా 13 గంటలు కాస్త దాటుతుంది, ఎంత చిన్నదైనా 11కి అటూ ఇటూ. మన నేల మీద మామూలు మొక్కకే పూత తిప్పలు లేవు. ఇక్కడ లేని సమస్యకి ఎవరో కనిపెట్టిన మందుని మీకు అమ్ముతున్నారు. పైగా దాని కొమ్మ కత్తిరించి నాటినా లాభం లేదు, తల్లి వయసే దానికీ ఉంటుంది, వెంటనే పూసి ఊరుకుంటుంది. ఆడ మొక్కలే వచ్చేలా చేసిన విత్తనమైతే ఇంట్లో మళ్లీ గింజ కట్టదు. ప్రతిసారీ వాళ్ల దగ్గరే కొనాలి, అదీ గింజ లెక్కన. గుప్పెడు గింజలు దాచుకుంటే వచ్చే ఏడాదికి సరిపోయే పంటల మధ్య బతికినవాడిని, నాకు ఈ పద్ధతి మీద ముందు నుంచీ మంట.

ఆ వీడియోలు చేసేవాళ్లది వాళ్ల ఊళ్లో తప్పు కాదు. కెనడాలో 2018 నుంచి చాలా చోట్ల ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు ఒక్కొక్కరు మూడు పెంచుకోవచ్చు. వాళ్లు చెప్పేదాన్ని తెలుగులో డబ్బింగ్ చెప్పి ఇక్కడ వదిలేవాళ్ల మీదే నా కోపం. వాళ్ల ఛానెల్‌కి వ్యూస్ వస్తాయి, కేసు మాత్రం చూసినవాడి మీద పడుతుంది.

మా జిల్లా వాళ్లకి ఇందులో ఇంకో బాధ ఉంది. కోరాపుట్, మల్కన్‌గిరి అనగానే బయటవాళ్లకి గంజాయే గుర్తొస్తుంది. సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ వెళ్తుంటే మా జిల్లా ఓడీ 10 నంబరు ప్లేటు చూడగానే బండి పక్కకి ఆపమంటారు. ఆస్పత్రికి వెళ్తున్న ముసలివాళ్ల సంచులు కూడా విప్పించారు ఒకసారి, మా అమ్మ మందుల డబ్బాలన్నీ రోడ్డు మీద పరిచారు. తనిఖీ చేయొద్దనడం లేదు. కొండ మీద సాగుకి పెట్టుబడి పెట్టేవాడు ఎక్కడో ఉంటాడు, దొరికేది మోసుకెళ్లే కుర్రాడూ, బండి తోలేవాడూ. వాళ్లు జైల్లో ఏళ్ల తరబడి మగ్గుతుంటే వాళ్ల ఇళ్లకి అప్పులవాళ్లు తిరగడం మా సంతల్లో అందరికీ తెలిసిందే. ఇంత జరుగుతున్న చోట, సరదాకి ఒక కుండీ అంటే మాకు కోపం రాదా?

విత్తనాల విషయంలో ఈ జిల్లాకి వేరే మంచి పేరుంది. జయపురం దగ్గర పాత్రపుట్ అనే ఊళ్లో కమలా పూజారి అనే ఆదివాసీ మహిళ ఉండేవారు. వందకి పైగా నాటు వరి రకాలు సేకరించి కాపాడారు, 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశారు. కోరాపుట్ వ్యవసాయ పద్ధతులని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ సేద్యంగా గుర్తించింది. మా కాలాజీరా బియ్యానికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లటి గింజ, జీలకర్రలా సన్నగా ఉంటుంది, ఉడుకుతుంటే వీధి చివరికి వాసన వస్తుంది. మాస్టారి అబ్బాయికి నేను ఇచ్చినవి అవే వడ్లు, ఒక పెద్ద టబ్బులో వేశాడు. ఇప్పుడు వాడి ఫోన్ నిండా వెన్నుల ఫొటోలు. మొలక దగ్గర నుంచి పూత దాకా రోజూ చూసుకునే ఆనందమే మీకు కావాలంటే వాడి దగ్గర వడ్లు ఇప్పిస్తాను, చామంతి పిలకలు నేనే ఇస్తాను.

మీరు అడగలేదు కానీ కింద కామెంట్లలో ఒకరు హెంప్ సీడ్, అంటే గంజాయి ప్రజాతి మొక్క గింజ, సంగతి అడిగారు. తినడానికి అమ్మే గింజలకి 2021లో ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది, కొనుక్కుని తినొచ్చు. పొట్టు తీసిన గింజ కుండీలో వేసినా మొలవదు, మొలిచే గింజ దొరికితే మాత్రం మొలిపించకండి. నార కోసం, గింజ కోసం సాగు చేయాలన్నా 14వ సెక్షన్ కింద ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించాలి. ఉత్తరాఖండ్‌లో అలా లైసెన్సులు ఇచ్చారు. అపార్ట్‌మెంట్ బాల్కనీకి అలాంటి లైసెన్సు ఎవరూ ఇవ్వరు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి ఉంటే ఈ రోజే క్యాన్సిల్ చేయండి.