రీ: ఆదివారం చర్చిలో ఉన్న భక్తి సోమవారం కాటా దగ్గర ఉండట్లేదు

రొయ్యలు తూచే బల్ల మీద కొలొస్సయులకు 3:23 వాక్యం స్టిక్కర్ అంటించినా ఫిషింగ్ హార్బర్‌లో పని పనిలాగే ఉందని రాశారు. లోపం ప్రార్థనలో కాదు, తూకంలో ఉన్నట్టుంది.

1. పొద్దున పొడి ట్రేకి టేర్ కొట్టి (అంటే ఖాళీ ట్రే బరువు పోయేలా కాటాని సున్నా చేసి) వదిలేస్తాం. పదింటికల్లా అదే ట్రే ఐసునీళ్లతో బరువెక్కుతుంది. ఆ తేడాకి రొయ్యల రేటు కట్టేది కొనుక్కుని గంప ఎత్తుకునే అక్క. అందరూ మరిచేది ఇక్కడే. నీళ్లు వంపేసి, ఖాళీ ట్రే పెట్టి, ఆవిడ చూస్తుండగా మళ్లీ సున్నా చేయండి. ప్రతిసారీ.

2. ఓనరు విసుక్కుంటే దొంగత్రాసు గురించిన సామెతలు 11:1 వినిపించకండి (నేను వినిపించి తిట్లు తిన్నాను). తూకం గొడవలు తగ్గుతాయని చెప్పండి, చాలు.

3. కొలొస్సయులకు 3:23ని (ఏం చేసినా ప్రభువు కోసమన్నట్టు మనసారా చేయమనే మాట) దాని పై వచనం 3:22తో కలిపి చదవండి. అది దాసులకు రాసిన మాట, బోధకులకు కాదు.

స్టిక్కర్ ఉంచడం, తీయడం మీ ఇష్టం.