తోలుబొమ్మలాటా, ఛాయానాటకమా?

సందేహం: తిరుపతిలో మా కళాసంఘం తరఫున బొమ్మలాటల ఉత్సవం ఒకటి జరపాలనుకుంటున్నాం. మన తోలుబొమ్మలాటతోబాటు ఇండోనేషియాలోని జావా బృందం చేత వాళ్ళ 'వయాంగ్ కులిట్' కూడా ఆడించబోతున్నాం. ఆహ్వానపత్రంలో రెండింటినీ 'తోలుబొమ్మలాట' అనే రాశాను. సంఘంలో పెద్దాయన ఒకరు 'తోలు అన్న మాట మోటుగా ఉందమ్మా, ఛాయానాటకం అంటే గౌరవంగా ఉంటుంది' అన్నారు. ఇంకొకరు 'నీడబొమ్మలాట' అని దిద్దారు. ఏది సరైనది? 'తోలు బొమ్మలాట' అని విడదీసి రాయవచ్చా? పత్రికల్లో 'కీలుబొమ్మ' అంటుంటారు, అదీ ఇదీ ఒకటేనా? ఉత్సవానికి 'బొమ్మల జాతర' అని పేరు పెట్టవచ్చా?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, తిరుపతి

సమాధానం: పెద్దాయనకు నా నమస్కారం చెప్పి, మీరు రాసిన మాటే ఉంచండమ్మా. తోలు మోటు మాట కాదు, పనివాళ్ళ మాట. మేకతోలు తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, లాగి ఆరబెట్టి, అవతలి వెలుగు ఇవతలికి కనబడేంత పలచన చేస్తే గాని అది బొమ్మకు పనికిరాదు. అంత చాకిరీ చేసినవాడు దాన్ని తోలు అనే అన్నాడు. చర్మం అనలేదు. 'చర్మబొమ్మ' అని మీరెవరి నోటా విని ఉండరు. మృదంగానికి బిగించేదీ తోలే. కచేరీలో ముందు వరసలో కూర్చునేవాళ్ళకు అక్కడ రాని మోటుతనం ఇక్కడెందుకొచ్చింది? తోలుపని చేసే చేతులను మనం ఏ వరసలో కూర్చోబెట్టామో ఆ చిన్నచూపే మాటకూ అంటింది. అందులో మాట తప్పేమీ లేదు.

అసలు ఈ ఆటకు పేరు పెట్టినవాళ్ళు చాలామంది తోలును చూసే పెట్టారు. కన్నడంలో తొగలు గొంబెయాట, తమిళంలో తోల్‌పావైక్కూత్తు, మలయాళంలో తోల్‌పావక్కూత్తు. ఆ తొగలు, తోల్ మన తోలుకు తోబుట్టువులే. సముద్రం దాటినా అంతే. థాయిలాండువాళ్ళ 'నాంగ్ యై' అంటే పెద్దతోలు. కంబోడియావాళ్ళ 'స్బెక్ థోమ్' అన్నా పెద్దతోలే. ఆ రెండు ఆటల్లోనూ బొమ్మకు కీళ్ళుండవు. పెద్ద తోలుపలక మీద దృశ్యం చెక్కి, దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని తెర దగ్గర నర్తిస్తారు. పేరులో బొమ్మ ఊసే లేదు, ఉత్త తోలుతోనే సరిపెట్టుకున్నారు. చైనాలో 'పీ యింగ్' అంటారు. పీ అంటే తోలు, యింగ్ అంటే నీడ. ఇక మీరు పిలుస్తున్న జావావాళ్ళ మాటలో కులిత్ అంటే తోలే. వయాంగ్ 2008లోనూ, చైనా ఆట 2011లోనూ యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, తోలుబొమ్మల కళకే. ఇంతకన్నా గౌరవం ఛాయ వచ్చి చేర్చేదేమిటో నాకు అర్థం కాదు.

నీడబొమ్మలాట అని దిద్దినవారి మాట కొంచెం ఆలోచించదగ్గదే. తెర ముందు కూర్చున్నవాడికి బొమ్మ కనబడదు, దాని నీడే కనబడుతుంది కదా అని ఆయన వాదన కావచ్చు. కాని మన ఆటలో తెర మీద పడేది మామూలు నీడ కాదు. తోలు పలచన, దానికి రంగులు. వెనక దీపం వెలిగించి బొమ్మను తెరకు ఆనిస్తే రాముడి నీలం నీలంగానే, పట్టుబట్ట ఎరుపు ఎరుపుగానే ఇవతలికి దిగుతాయి. ఉలితో పొడిచిన చిల్లులు నగల్లా మెరుస్తాయి. ఆడించేవాడు బొమ్మను తెరకు దూరంగా, దీపం వైపు జరిపితే అంచులు చెదిరి రూపం ఉబ్బుతుంది. తిరిగి తెరకు అదిమిపట్టగానే కనుబొమల గీతతో సహా తేరుకుంటుంది. బొమ్మ నడిమిన నిలువునా చీల్చిన వెదురుబద్ద, చేతులకు విడిగా సన్నపుల్లలు. ఆడించేవాడు నోటితో పద్యం పాడుతూ, కాలికింద చెక్కను టకటక తొక్కుతూ, ఈ బద్దనూ పుల్లలనూ ఒక్కడే చూసుకుంటాడు. నవ్వించే కేతిగాడూ బంగారక్కా తెర మీదికి వస్తే ఆ పుల్లలకు ఊపిరాడదు.

ఇలా రంగులు దిగే నీడ మనదీ కన్నడిగులదీ. ఒడిశావాళ్ళ బొమ్మలకు రంగులుండవు, వెలుగు తోలులోంచి రాదు, నల్లటి నీడే పడుతుంది. వాళ్ళ ఆట పేరు చూడండి, 'రావణ ఛాయ'. నీడే సర్వస్వమైన చోట పేరులోకి నీడ వచ్చింది. జావాది మరో తమాషా. గేదెతోలు మీద బంగారు పూత, రంగులు ఎంతో శ్రద్ధగా వేస్తారు, తెర మీద మాత్రం చిల్లుల అల్లిక మినహా నల్లని నీడే. మరి ఆ రంగులెవరి కోసమంటారా? అక్కడ తెరకు రెండు వైపులా జనం కూర్చుంటారు. ఒకవైపు నీడ, ఇంకోవైపు బొమ్మ, ఆడించే డలాంగూ. మన ఊళ్ళలో పిల్లకాయలు తెర వెనక్కి తొంగిచూస్తే గదమాయించి పంపుతారు. అక్కడ అదీ ఒక గౌరవస్థానమే. జావామాట వయాంగ్‌లో నీడ అన్న అర్థం ఉన్న సంగతి నిజమే గాని, ఇప్పుడు కొయ్యతో చెక్కిన బొమ్మల ఆటనూ వాళ్ళు 'వయాంగ్ గోలెక్' అనే అంటారు. అక్కడ తెరా లేదు, నీడా లేదు. అందుకే కులిత్ అని విడిగా చెప్పుకోవలసి వచ్చింది. వాళ్ళు పనిగట్టుకుని తగిలించిన ముక్కను మనం కొట్టేసి నీడను మిగల్చడం భావ్యం కాదు. ఒడిశా ఆటనూ కలుపుకుని అన్నిటికీ ఒకే మాట కావలసినప్పుడు నీడబొమ్మలాట అనండి, నాకు అభ్యంతరం లేదు. మీ పత్రానికి ఆ అవసరం లేదు.

ఛాయానాటకం సంగతి వేరు. సంస్కృతంలో 13వ శతాబ్దపు సుభటుడి 'దూతాంగదం' తనను తాను ఛాయానాటకం అని చెప్పుకుంది. అది తెర మీది నీడలాటా, లేక పెద్ద నాటకానికి నీడలాంటి చిన్న నాటకమా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు. సంస్కృతంలోనే అర్థం తేలని మాటను తెచ్చి, తెలుగులో అర్థం తేటగా ఉన్న మాట నెత్తిన కూర్చోబెట్టడం ఎందుకు? ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఛాయకు నీడ అనే కాక రంగు అన్న అర్థం కూడా ఉంది. చామనఛాయ అంటాం కదా. ఆ లెక్కన మన రంగునీడకు నీడకన్నా ఛాయే బాగా నప్పుతుంది. పెద్దాయనకు ఈ ముక్క చెప్పండి, సంతోషిస్తారు.

పాతపేరు కావాలంటే అదీ మన దగ్గరే ఉంది. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలంలో శివరాత్రి సందడి చెబుతూ, చీరమరుగున భారతాది కథల బొమ్మలాడించేవారిని ఒక జట్టుగా, కంబసూత్రాలతో బొమ్మలాడించేవారిని ఇంకో జట్టుగా చూపించాడు. చీరమరుగు అంటే తెరచాటు. కంబసూత్రం అంటే బొమ్మను కదిలించే దారం. ఏడు వందల ఏళ్ళ కిందటే తెరబొమ్మా దారపుబొమ్మా వేరువేరని ఆయనకు తెలుసు.

మీ కీలుబొమ్మ సందేహానికీ జవాబు అక్కడే ఉంది, అది ఆ దారపుబొమ్మల జట్టుది. కీలంటే అతుకు. ఆ మాటకొస్తే తోలుబొమ్మకూ భుజం దగ్గర, మోచేతి దగ్గర కీళ్ళుంటాయి, దారంతో ముడివేస్తారు. అయినా నుడికారం లెక్కలు చూడదు. ఇంకొకరు ఆడించినట్టు ఆడే మనిషినో ప్రభుత్వాన్నో అన్నప్పుడు 'వాళ్ళ చేతిలో కీలుబొమ్మ' అనే అంటాం. 'తోలుబొమ్మ ప్రభుత్వం' అంటే చెవికి ఎక్కదు. తోలుబొమ్మ వైరాగ్యం వైపు వెళ్ళింది. తొమ్మిది తూట్ల తోలుతిత్తి, తోలుబొమ్మలాట లాంటి బతుకు అని తత్వాలు పాడేవాళ్ళు దాన్ని పట్టుకుపోయారు. ఒకటి రాజకీయాలకు, ఇంకొకటి శ్మశానవైరాగ్యానికి. కలపకండి.

రాత గురించి. తోలుతో చేసిన బొమ్మ తోలుబొమ్మ, ఆ బొమ్మల ఆట తోలుబొమ్మలాట. ఒకే సమాసం, కలిపే రాయాలి. 'బొమ్మల ఆట' అని సంధి విడిస్తే తప్పు కాదు, 'తోలుబొమ్మల ఆట' అనీ వేయవచ్చు. 'తోలు బొమ్మలాట' అని మాత్రం విరచకండి. మీ చిత్తూరు, తిరుపతి పక్క ఇంకో చిక్కుంది. ఇసుక తోలినారు, పిల్లోణ్ణి బడికి తోలినాను అని తోలడం మీకు దినమూ నోట్లో నానే క్రియ. విడిగా పడిన 'తోలు' చూసి ఏ కొంటె కుర్రాడో 'బొమ్మలాటను ఎక్కడికి తోలాలి సార్' అని అడగకమానడు.

బొమ్మల జాతర వద్దు. వ్యాకరణంలో దోషమేమీ లేదు, ఊరివల్లే దోషం. తిరుపతిలో జాతర అంటే తాతయ్యగుంట గంగమ్మదే. బండ వేషం, దొర వేషం, మాతంగి వేషం గుర్తుకొస్తాయి, మొక్కులు గుర్తుకొస్తాయి. అమ్మవారు లేని జాతర అక్కడ వెలితిగా ఉంటుంది. చిత్తూరు పల్లెల్లో 'భారతం' కూడా ఇలాంటిదే. 'మా ఊళ్ళో భారతం పెట్టినారు' అంటే పుస్తకం చదువుతున్నారని కాదు. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజుల ఉత్సవం, పగలు హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపస్సుమాను ఎక్కడం, చివర మట్టితో చేసిన అంతపొడుగు దుర్యోధనుడి వధ. కొన్ని మాటలను ఊరు తన పేరన రాయించుకుంటుంది. 'బొమ్మల కొలువు' అందామంటే దసరా అడ్డొస్తుంది. 'బొమ్మల తిరునాళ్ళు' అనండి. దేవుడి ఉత్సవంగా పుట్టినా పుస్తకాల తిరునాళ్ళ దాకా నడిచొచ్చిన మాట, మీ పక్కవాళ్ళు తిన్నాల అని పలికినా చెల్లుతుంది. 'అంతర్జాతీయ సాంస్కృతిక మహోత్సవం' అని ఎవరైనా అంటే అది అనుమతి కోసం పెట్టే అర్జీలో వేసుకోమనండి.

మీరు అడగనిది కూడా ఒకటి చెబుతాను. పత్రంలో 'కులిట్' అని వేశారు. ఇంగ్లీషువాడికి తకూ టకూ ఒకటే అక్షరం కాబట్టి మన పత్రికలు అలా రాస్తున్నాయి. ఇండోనేషియావాళ్ళు అక్కడ నాలుకను పళ్ళకు ఆనించే పలుకుతారు. మనకు త ఉండగా ట ఎందుకు? 'కులిత్' అని దిద్దండి. 'తోలుబొమ్మలాట ప్రదర్శన ప్రదర్శింపబడును' అన్న వాక్యం కూడా తీసేయండి. 'రాత్రి నిమ్మలకుంట కళాకారులు తోలుబొమ్మలాట ఆడిస్తారు. ఆ తర్వాత జావా కళాకారుల తోలుబొమ్మలాట, వయాంగ్ కులిత్.' ఇంతే వేయండి. తెరకు రెండో వైపు కూడా కుర్చీలు వేయిస్తే ఆ సంగతి పత్రంలోనే రాయండి, లేకపోతే అందరూ ఇవతలే కూర్చుంటారు.