47 ఏళ్ళకు వయొలిన్ కమాను పట్టుకున్నాను

"ఉద్యోగం, ఇల్లు, పిల్లలతో మామూలు బతుకు బతికేవాళ్ళకు, తమ సంతోషం కోసం ఏదైనా మొదలుపెట్టే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని మీరు అడిగారు. రాదండీ. నాకైతే రాలేదు. వయొలిన్ క్లాసుకి సిగ్గుపడుతూనే వెళ్ళాను.

మాది విజయనగరం. రోజూ సంగీత కళాశాల ముందు నుంచే బడికి వెళ్ళేదాన్ని. 1919లో పెట్టిన కాలేజీ, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ నేర్చుకుందామని వస్తే, దాసుగారు ఆయన వయొలిన్ విని పాఠాలు చెప్పే ఉద్యోగమే ఇచ్చారని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను అంత బాపతు కాదు. నేర్పించమని ఇంట్లో అడిగితే "ముందు టెంత్ గట్టెక్కు" అన్నారు. తర్వాత ఇంటరు, డిగ్రీ, పెళ్ళి, ఉద్యోగం, పిల్లల ఫీజులు. ఆ గట్టు జరుగుతూనే పోయింది.

పోయినేడు పాప హాస్టల్‌కి వెళ్ళాక 7,000 పెట్టి వయొలిన్ కొన్నాను. మొదటి క్లాసులో చాప మీద ఐదుగురం. మిగతా నలుగురూ పదేళ్ళ లోపు పిల్లలే. మేడమ్‌కి పాతికేళ్ళుంటాయేమో. బాసింపట్టు వేసుకుని, కుడికాలు కాస్త ముందుకు పెట్టి, చీలమండ మీద వయొలిన్ తల ఆనించాలి. నా మోకాలు వింటేగా! పైగా చీర. కమాను లాగితే తుప్పుపట్టిన గేటు తీసినట్టు మోగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వచ్చేద్దామనుకున్నాను గానీ కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. నిజం, ఆ తిమ్మిరే నన్ను ఆపింది. ఈలోగా పక్కనున్న రెండు జడల పిల్ల "ఆంటీ, అంత గట్టిగా పట్టుకోకండి, చిటికెన వేలు పైన పెట్టండి" అంటూ నా వేళ్ళు సర్దింది. మేడమ్ బొట్టుబిళ్ళల అట్ట తీసి, స్వరస్థానాలు తెలిసేలా తీగల కింద ఎర్ర బిళ్ళలు అంటించారు. మొదట నేర్పే మాయామాళవగౌళ రాగంలో గాంధారం (గ), మధ్యమం (మ) పక్కపక్కనే ఉంటాయి. నా లావు వేళ్ళకు అక్కడే చావొస్తుంది.

ఇంటి దగ్గర గొడవ వేరే. వినాయక చవితికి తొమ్మిది రోజులు మైకులు మోగినా నోరెత్తని పై ఫ్లోర్ అంకుల్, నా అరగంట సరళీ వరుసలకు, అంటే మొదటి పాఠాలకు, వాచ్‌మన్‌తో కబురు పంపారు. మా ఆడపడుచు "ఈ వయసులో ఎవరికి వినిపిద్దామని వదినా?" అంది. వాళ్ళాయన ఆదివారమంతా క్రికెట్ చూస్తే మాత్రం ఎవరి కోసమని అడగదు. ఇంకో మాట, ఆ మోటివేషన్ వీడియోలు మానేయండి. నేను మూడేళ్ళు చూశాను. అన్నీ వదిలేసి బయల్దేరమంటారు. బయల్దేరితే హోమ్ లోన్ ఎవరు కడతారు? వారానికి రెండు గంటలు దొరికితే నాకు చాలు.

ప్రస్తుతం ఆ తర్వాతి పాఠాలు, జంట వరుసల్లో ఉన్నాను. బాగా వేగంగా వాయించాల్సిన మూడో కాలంలో ఇంకా తడబాటే. పోయిన వారం మధ్యమం దగ్గర బొట్టుబిళ్ళ ఊడిపోయింది. మళ్ళీ అంటించలేదు.