హాయిగా ఉంటే తగ్గినట్టేనా?

ఫిజియోథెరపీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, మా అమ్మకి 62 ఏళ్లు, మోకాళ్లు అరిగాయన్నారు. మా ఊళ్లో సెంటర్‌లో పది సిట్టింగ్‌ల ప్యాకేజీ తీసుకున్నాం. రోజూ ప్యాడ్లు పెట్టి కరెంటు, తర్వాత జెల్ రాసి అల్ట్రాసౌండ్. ఆ పూటకి హాయిగా ఉందంటుంది, రెండు రోజులకి మళ్లీ మామూలే. ఇంకో పది తీసుకోమంటున్నారు. నిజంగా పనిచేస్తోందా, డబ్బు దండగా?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మగారు హాయిగా ఉందంటే ఉన్నట్టే, అందులో అనుమానం లేదు. కానీ ఆ పూట హాయిగా ఉండటం వేరు, మోకాలు పని చేయడం వేరు. చర్మం మీద చిమచిమలాడుతూ ఏదైనా తగులుతుంటే నొప్పి కాసేపు మరుగున పడుతుంది, పైగా ఒక మనిషి అరగంట దగ్గరుండి పట్టించుకోవడం కూడా తక్కువదేం కాదు. ఇంకో సంగతి, మనం సెంటర్‌కి పరిగెత్తేది నొప్పి భరించలేనంత అయినప్పుడే కదా, మోకాళ్ల నొప్పి దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత ఏం చేసినా, ఏమీ చేయకపోయినా ఎంతో కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ వారం ఏ మెషీన్ పెట్టించుకుంటే పేరు దానికి పోతుంది.

ఈ చిక్కు విడదీయడానికే పరిశోధనల్లో రెండో గుంపు ఉంటుంది. అల్ట్రాసౌండ్‌తో అది మరీ సులువు, కొందరికి మెషీన్ ఆన్ చేసి, కొందరికి ఆఫ్ చేసి, అదే జెల్ రాసి అలాగే తిప్పుతారు. అది తగులుతున్నప్పుడు ఒంటికి పెద్దగా ఏమీ తెలియదు, కాబట్టి తనకి ఏది వచ్చిందో రోగి చెప్పలేడు. మోకాళ్ల మీద ఇలా జరిగిన ప్రయోగాలు చిన్నవే, కాస్త లాభం ఉండొచ్చు అనేదాకా వచ్చి ఆగాయి. వ్యాయామం మీద దీనికి ఎన్నో రెట్లు పని జరిగింది. వైద్య పరిశోధనలన్నీ పోగేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో 44 ప్రయోగాల లెక్కలు కలిపి చూస్తే, నొప్పిని 100కి కొలిచినప్పుడు సుమారు 12 పాయింట్లు తగ్గింది. 2024లో ఇంకా ఎక్కువ ప్రయోగాలతో మళ్లీ చూసినప్పుడు లాభం ఉన్నా అది చిన్నదే అని తేలింది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేనూ మెషీన్ అమ్మేవాళ్లలాగే మాట్లాడినట్టు అవుతుంది.

నాకు బాగా నచ్చిన అధ్యయనం ఒకటుంది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, అమెరికా సైనిక ఆసుపత్రుల్లో చేశారు. 156 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒకరికి మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఇంకొకరికి ఫిజియోథెరపీ ఇచ్చారు. ఫిజియోథెరపీ అంటే చేత్తో కీలు కదిలించడం, వ్యాయామాలు, మొదటి కొన్ని వారాల్లో ఎనిమిది సిట్టింగ్‌ల వరకు, తర్వాత అవసరాన్ని బట్టి మరికొన్ని. నొప్పి, బిగుతు, పనులకి ఇబ్బంది అన్నీ కలిపి 240కి కొలిచే స్కోరు మొదట్లో రెండు గుంపులకీ 108 దగ్గర ఉంది. ఏడాది తర్వాత ఫిజియోథెరపీ వాళ్లకి 37, ఇంజెక్షన్ వాళ్లకి 56 దగ్గరికి వచ్చింది. ఇంజెక్షన్ వాళ్లకీ సగానికి సగం తగ్గింది, చూశారా? వాళ్లని మాత్రమే చూసుంటే ఇంజెక్షన్ అద్భుతం అని రాసేసేవాళ్లు.

మీరు చేయాల్సింది: కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా 30 సెకన్లలో అమ్మ ఎన్నిసార్లు లేచి కూర్చోగలదో ఇవాళ లెక్కపెట్టి రాసుకోండి, నెల తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. మొదటి ప్యాకేజీ అయ్యేలోపు ఇంట్లో చేసుకునే నాలుగు వ్యాయామాలు ఆమెకి రాకపోతే రెండోది కట్టకండి.

ప్రశ్న: వ్యాయామాలు మొదలుపెట్టిన మర్నాడు తొడలు, మోకాలు బాగా నొప్పి. ఆపేయాలా?
- ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కొత్తగా బరువు పడ్డ కండరం మర్నాటి నుంచి రెండు మూడు రోజులు నొప్పి పెట్టడం మామూలే, అది దెబ్బ కాదు. కీలు సంగతికి వస్తే, నొప్పిని సున్నా నుంచి 10 వరకు లెక్కేసుకోండి. చేస్తున్నప్పుడు 5 లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మీ మామూలు స్థాయికి వస్తే కొనసాగించండి. రాకపోతే మానేయకుండా తగ్గించండి. కీలు వాచినా, వేడిగా ఉన్నా, మోకాలు పట్టేసి చాపలేకపోయినా డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మా నాన్నకి 58 ఏళ్లు, నెల క్రితం పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి కుడి కాలు. ఆసుపత్రిలో మొదటి రోజే లేపి నడిపించలేదని మా బాబాయి గొడవ, అలా చేసుంటే ఈపాటికి తిరిగేవాడంటారు. రోజూ ఫిజియో ఇంటికి రావాలంటే ఖర్చు, నేనూ అమ్మా కలిసి చేయిస్తే సరిపోతుందా? ఒకాయన పావురం రక్తం రాయమన్నారు.
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పావురాన్ని వదిలేయండి, పాపం దానికేం సంబంధం లేదు.

బాబాయి గారు అన్నదే ఒకప్పుడు మా రంగంలో చాలామంది నమ్మకం కూడా. ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా లేపితే అంత మంచిదని. దాన్ని తేల్చడానికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేసియా, సింగపూర్, బ్రిటన్‌లలో 2104 మందితో అవర్ట్ అనే ట్రయల్ చేశారు, 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుని 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువసార్లు, ఎక్కువసేపు మంచం దింపారు. మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు ఆ గుంపులో 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. తొందరపెట్టినవాళ్లే వెనకబడ్డారు! తర్వాత ఆ వివరాలనే ఇంకోసారి విశ్లేషించినప్పుడు, ఒకేసారి ఎక్కువసేపు కాకుండా కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేపడం మేలుగా కనిపించింది. కాబట్టి మొదటి రోజు నడిపించలేదని ఎవరినీ తప్పుపట్టకండి. అలాగని రోజుల తరబడి పడుకోబెట్టడమూ సరికాదు, ఆ మామూలు పద్ధతి వాళ్లలో కూడా చాలామందిని 24 గంటలలోపే లేపారు.

ఇంట్లోవాళ్లే చేయించడం గురించి మన దేశంలోనే పెద్ద ప్రయోగం జరిగింది, అటెండ్ అని. 14 ఆసుపత్రులు, 1250 మంది రోగులు, 2017లో ఇదీ లాన్సెట్‌లోనే వచ్చింది. ఫిజియోలు దొరకని చోట కుటుంబంలో ఒకరికి ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి పంపితే ఎలా ఉంటుందనేది ప్రశ్న. వినడానికి ఎంత బాగుందో, మన ఇళ్లకి అచ్చంగా సరిపోయే ఆలోచన. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి శిక్షణ ఇచ్చిన గుంపులోనూ, ఇవ్వని రెండో గుంపులోనూ 47 శాతమే. ఏ తేడా లేదు. అందరూ బాగుంటుందనుకున్న ఉపాయాన్ని కూడా ఇలా పరీక్షించి, పనిచేయలేదని దాచుకోకుండా అచ్చు వేశారు కాబట్టే ఆ ట్రయల్ మీద నాకు గౌరవం.

దీనర్థం మీ చాకిరీ వృథా అని కాదు. రెండో గుంపులోనూ భార్యలు, కొడుకులు చూసుకోకుండా ఊరుకోరు కదా. దానిపైన కొంత శిక్షణ చేర్చినంత మాత్రాన అదనపు లాభం రాలేదు, అంతే. అందుకే నా సలహా, ఫిజియోని పూర్తిగా మానకండి, రోజూ అక్కర్లేదు. వారానికోసారి వచ్చి పరీక్షించి, ఆ వారం ఏం చేయాలో మార్చి చెప్పి వెళ్లేలా మాట్లాడుకోండి. మిగతా రోజులు మీరు చేయించండి, కాళ్లూ చేతులూ మీరు ఊపడం కన్నా ఆయన చేత పని చేయించడం ముఖ్యం. గ్లాసు అందుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, లేచి నిలబడటం. పడకుండా పక్కనే ఉండండి, చచ్చుపడ్డ చేతిని పట్టుకుని మాత్రం లాగి లేపకండి, భుజం దెబ్బతింటుంది.

కుడిచెయ్యి మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేస్తున్నాయా? లేస్తుంటే, ముందుముందు బాగున్న చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతితోనే పని చేయించే పద్ధతి గురించి అడగండి. అమెరికాలో పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందితో చేసిన ఎక్సైట్ ట్రయల్‌లో (2006) రెండు వారాలు ఇలా చేయించినవాళ్ల చెయ్యి మామూలు చికిత్స వాళ్ల కన్నా మెరుగుపడింది, ఆ లాభం ఏడాదికీ నిలిచింది. కదలికే లేని చేతికి ఇది పనికిరాదు, మొండిగా ప్రయత్నించకండి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. ఎడమ భుజం బిగుసుకుపోయింది, వెనక హుక్ పెట్టుకోలేను, జడ వేసుకోలేను. మత్తిచ్చి విరిచేస్తే ఒక్కరోజులో వదులైపోతుందంటున్నారు, చేయించుకోనా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: షుగర్ ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుంది, టెన్షన్ పడకండి, చాలామందికి కాలక్రమంలో వదులవుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. బ్రిటన్‌లో 503 మందితో చేసిన ట్రయల్ 2020లో వచ్చింది. మత్తిచ్చి కదిలించడం, చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కలిపి ఫిజియోథెరపీ, ఈ మూడింటినీ పోల్చారు. ఏడాదికి మూడు గుంపులూ బాగా మెరుగయ్యాయి, రోగికి తెలిసేంత పెద్ద తేడా ఏ రెండింటి మధ్యా లేదు. తీవ్రమైన ఇబ్బందులు ఆపరేషన్ గుంపులో ఎక్కువ వచ్చాయి. నేనైతే ముందు ఫిజియోథెరపీతోనే మొదలుపెట్టమంటాను. ఇంజెక్షన్ తీసుకుంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే మీ షుగర్ డాక్టర్‌కి చెప్పండి.

ప్రశ్న: మా నడుము నొప్పికి ఒక ఫిజియోథెరపీ కాలేజీలో ఉచితంగా చూస్తామన్నారు, కానీ పరిశోధనలో చేరాలట, సంతకం పెట్టమంటున్నారు. మన మీద ప్రయోగాలు చేస్తారేమోనని మా ఆయన వద్దంటున్నారు.
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ప్రయోగమే అది, భయపడాల్సింది మాత్రం చెప్పకుండా చేస్తే. కాగితం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదివి సంతకం పెడతాననండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. మూడు అడగండి. ప్రయోగంలో రోగులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? నాకు ఏ చికిత్స వస్తుందో లాటరీలో తేలుతుందా, రెండో గుంపుకి ఏమిస్తారు? మధ్యలో మానేస్తే నా మామూలు వైద్యం ఆగుతుందా? ఆగకూడదు, ఎప్పుడైనా కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, ఆ మాట కాగితంలో ఉండాలి.

మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, దాన్ని సీటీఆర్‌ఐ అంటారు. ఆ నంబరు అడిగి, ఇంట్లో ఫోన్ వాడేవాళ్ల చేత వెబ్‌సైట్‌లో కొట్టించండి, ఎవరు చేస్తున్నారు, ఎంతమంది మీద, ఏం కొలుస్తున్నారు అన్నీ అక్కడ ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.