మీరు అడిగారు, మేం చెప్తున్నాం: అలీ గొప్పా, ఫ్రేజియరా?

ప్రశ్న: సార్, బాక్సర్లు మొహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడుసార్లు తలపడ్డారు, అలీ రెండు గెలిచాడు, ఫ్రేజియర్ ఒకటే గెలిచాడు. లెక్క తేలిపోయినట్టేగా? మా ఫ్రెండ్ ఎంత చెప్పినా ఒప్పుకోవట్లేదు.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మొత్తం కెరీర్ చూస్తే అలీదే పైచేయి అండి, అందులో నాకూ అనుమానం లేదు. 61 ఫైట్లలో 56 గెలిచాడు, హెవీవెయిట్ టైటిల్ మూడుసార్లు కొట్టాడు, 1964లో లిస్టన్ మీద, 1974లో ఫోర్‌మన్ మీద, 1978లో స్పింక్స్ మీద. కానీ మీ ఫ్రెండ్ మాటని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి, ఎందుకంటే ఆ ముగ్గురిలో ఎవరికీ లేని ఘనత ఫ్రేజియర్‌కి ఒకటుంది, అప్పటిదాకా ఓటమే ఎరగని అలీని మొదటిసారి ఓడించింది ఆయనే. 1971 మార్చి 8, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, ఇద్దరూ అజేయులే, ఒక్కొక్కరికి 25 లక్షల డాలర్లు, ఆ రోజుల్లో అది ఊహకందని డబ్బు.

ఆ రాత్రి గాలివాటంగా వచ్చిన గెలుపు కాదు. అలీ 6 అడుగుల 3 అంగుళాలు, ఫ్రేజియర్ 6 అడుగులకి కాస్త తక్కువే, చేతుల పొడవు కూడా తక్కువ, దూరంగా ఉంటే అలీ జాబ్‌లు, అంటే చెయ్యి చాచి సూటిగా వేసే గుద్దులు, తింటూ నిలబడాల్సిందే. అందుకే తల ఊపుతూ, నడుం వంచుతూ లోపలికి దూరిపోయేవాడు. పైగా ఫ్రేజియర్ క్యాంపులో ఎడ్డీ ఫచ్ అనే ట్రైనర్ ఒక విషయం పసిగట్టాడు, అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే గుద్దు) వేసే ముందు అలీ కుడి చెయ్యి కిందికి జారుతుంది, ఆ క్షణంలోనే లెఫ్ట్ హుక్ (ఎడమ చేత్తో పక్కనుంచి కొట్టే గుద్దు) వెయ్యి అని చెప్పాడు. 11వ రౌండ్‌లో ఆ హుక్‌కి అలీ కాళ్లు తేలిపోయాయి, 15వ రౌండ్‌లో ఏకంగా కిందపడ్డాడు. వెంటనే లేచాడు, అది అలీ గొప్పతనం, దవడ వాచిపోయినా చివరిదాకా నిలబడ్డాడు. రిఫరీ, ఇద్దరు జడ్జీలు ముగ్గురూ ఫ్రేజియర్‌కే ఇచ్చారు.

అప్పటికి అలీ మూడున్నరేళ్లు రింగ్‌కి దూరమై తిరిగొచ్చాడు కదా అని అలీ ఫ్యాన్స్ అంటారు, అదీ నిజమే. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు 1967లో టైటిల్ లాగేసుకున్నారు, 25 నుంచి 28 ఏళ్ల వయసు, బాక్సర్‌కి బంగారం లాంటి కాలం అంతా అలా పోయింది. అంత కోల్పోతానని తెలిసీ నిలబడ్డాడు కాబట్టే అలీ పేరు బాక్సింగ్ దాటి వెళ్లింది, చివరికి 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసులో శిక్ష కొట్టేసింది. అయితే దానికి ఫ్రేజియర్ గెలుపుని తగ్గించడం ఏం న్యాయమండి, ఆయన ఎదురుగా నిలబడ్డ మనిషిని ఓడించాడు, అంతే.

ప్రశ్న: ఫోర్‌మన్ చేతిలో ఫ్రేజియర్ చిత్తుగా ఓడిపోయాడు, అదే ఫోర్‌మన్‌ని అలీ పడగొట్టాడు. అంటే ఫ్రేజియర్ బలహీనుడేగా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదండి. 1973లో జమైకాలో ఫోర్‌మన్ రెండు రౌండ్లలోనే ఫ్రేజియర్‌ని ఆరుసార్లు పడేశాడు, నిజమే. కానీ ముందుకే దూసుకొచ్చే మనిషి, ఫోర్‌మన్ లాంటి బలవంతుడి చేతులకి సరిగ్గా అందుతాడు, స్టైల్ అలా కుదిరింది. ఫ్రేజియర్ జీవితంలో ఓడిపోయింది నాలుగే నాలుగు ఫైట్లు, రెండు అలీకి, రెండు ఫోర్‌మన్‌కి, ఇంకెవరికీ ఓడలేదు.

ప్రశ్న: అలీ అంటే నాకు చాలా గౌరవం. కానీ ఫ్రేజియర్‌ని గొరిల్లా అన్నాడని చదివా, నిజమేనా సార్? చదివినప్పట్నుంచి మనసు ఒప్పుకోవట్లేదు.
- ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నిజమేనమ్మా. ఒక్కసారి కాదు, వాళ్ల మూడో ఫైట్, 1975 మనీలా ఫైట్ ముందు రబ్బరు గొరిల్లా బొమ్మ చేత్తో పట్టుకుని దాన్ని గుద్దుతూ కెమెరాల ముందు ఆడించాడు. అంతకుముందు 1971లో, తనలాగే నల్లజాతివాడైన ఫ్రేజియర్‌ని తెల్లవాళ్ల మనిషి అని ముద్ర వేశాడు. ఆ మాట ఎవర్నంటున్నాడో చూడు, సౌత్ కరోలినాలో ఎంతోమంది పిల్లలున్న పేద పొలం కుటుంబంలో పుట్టి, ఫిలడెల్ఫియా వచ్చి కబేళాలో పనిచేసి పైకొచ్చినవాడు ఫ్రేజియర్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో చేతి బొటనవేలు విరిగినా ఫైనల్ ఆడి గోల్డ్ తెచ్చాడు. అన్నిటికంటే బాధేంటంటే అలీ బ్యాన్‌లో ఉన్నప్పుడు డబ్బిచ్చి ఆదుకున్నానని, అలీ బాక్సింగ్ లైసెన్స్ కోసం ప్రెసిడెంట్ నిక్సన్‌ని కూడా అడిగానని ఫ్రేజియర్ చెప్పేవాడు, అలాంటి మనిషికి దక్కిన బదులు ఇది. ఫ్రేజియర్ పిల్లలు కూడా స్కూల్లో ఆ మాటలు పడాల్సొచ్చింది.

టికెట్లు అమ్ముకోడానికే అలా అన్నాను, తప్పే, అని 2001లో అలీ ఒక పత్రికతో క్షమాపణ చెప్పాడు. ఫ్రేజియర్ మాత్రం నాతో నేరుగా చెప్పాలి కదా అన్నాడు, అది అన్యాయమైన కోరికేం కాదు. అలీని గౌరవించడం మానెయ్యమని నేను చెప్పట్లేదు, యుద్ధం విషయంలో ఆయన ధైర్యం అబద్ధం అయిపోదు. కానీ అలీ లెగసీ రాసేటప్పుడు ఈ పేజీ చింపేస్తే ఫ్రేజియర్‌కి మళ్లీ అన్యాయం చేసినట్టే, నేనైతే చింపను.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఫిలడెల్ఫియా వెళ్లినప్పుడు రాకీ విగ్రహం దగ్గర ఫోటోలు దిగాం, ఫ్రేజియర్ ఆ ఊరివాడే అని తర్వాత తెలిసింది. ఆయనకి విగ్రహం లేదా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందండి, కానీ ఎప్పుడు పెట్టారో చూడండి, 2015లో! ఆయన 2011లోనే లివర్ క్యాన్సర్‌తో పోయాడు. 'రాకీ' సినిమాలో పుట్టిన బాక్సర్‌కి ఎప్పుడో పెట్టారు, నిజంగా చాంపియన్ అయినవాడికి చనిపోయాక నాలుగేళ్లకి. పైగా ఆ సినిమాలో వేలాడే మాంసాన్ని గుద్దడం, మ్యూజియం మెట్లు పరిగెత్తి ఎక్కడం నా జీవితంలోంచి తీసుకున్నవే అని ఫ్రేజియర్ చెప్పుకునేవాడు. నార్త్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఆయన జిమ్ ఉండేది, ఎంతోమంది కుర్రాళ్లు అక్కడే నేర్చుకున్నారు, కొన్నాళ్లు ఆయన కూడా దాని పైనే ఉన్నాడు. ఇప్పుడు ఆ బిల్డింగ్ చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది, జిమ్ మాత్రం లేదు. అలీ సొంతూరు లూయివిల్‌లో ఆయన పేరు మీద 2005లోనే పెద్ద సెంటర్ తెరిచారు, తేడా మీకే అర్థమవుతుంది. ఈసారి వెళ్తే ఫ్రేజియర్ విగ్రహం కూడా చూసి రండి.

ప్రశ్న: బాక్సింగ్ ఇప్పుడిప్పుడే చూడ్డం మొదలుపెట్టా. ఈ మూడింటిలో ముందు ఏది చూడాలి?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 1971ది, అదీ మొత్తం 15 రౌండ్లూ చూడండి, హైలైట్స్ వద్దు. 1974 జనవరిది అలీ పాయింట్ల మీద గెలిచాడు, ఎక్కువగా పట్టుకుని వేలాడాడు, తీరిక ఉంటేనే చూడండి. 1975 అక్టోబర్ 1 మనీలాది మాత్రం మనసు గట్టి చేసుకుని చూడాలి. అమెరికా టీవీ టైమ్ కోసం పొద్దున్నే పెట్టారు, హాల్లో విపరీతమైన వేడి. ఫ్రేజియర్‌కి ఎడమ కన్ను ముందునుంచీ సరిగా కనపడదు, కుడి కన్ను వాచి మూసుకుపోయింది, పంచ్ ఎటునుంచి వస్తుందో తెలియకుండానే ఇంకా ముందుకి నడుస్తుంటాడు. 14వ రౌండ్ అయ్యాక ఫచ్ ఆపేశాడు, ఫ్రేజియర్ వద్దంటున్నా వినలేదు, ఆపడమే కరెక్ట్ అని నా గట్టి అభిప్రాయం. గెలిచిన అలీ కూడా తర్వాత చావుకి అంత దగ్గరగా ఎప్పుడూ వెళ్లలేదన్నాడు. ముందు 1971 చూసి ఒకటి రెండు రోజులు ఆగి ఇది చూడండి, ఒకేరోజు వద్దు.