పూసల దండలు చేస్తే వేళ్లకు పగుళ్లు, మెడకు దురద... పని మానేయాల్నా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారు, మాది హన్మకొండ, నాకు 31 ఏళ్లు. ఇంట్లనే మెటల్ పూసలతో దండలు, కమ్మలు చేసి అమ్ముతున్న. కొన్ని నెలల నుంచి వేళ్ల కొసలు పగులుతున్నయ్, నేను చేసిన దండ వేస్కుంటే మెడ చుట్టూ ఎర్రగా దద్దుర్లు వస్తున్నయ్. బంగారం వేస్కుంటే ఏం కాదు. మెడికల్ షాపుల అడిగి తెచ్చిన ట్యూబు రాస్తే తగ్గి మళ్లీ వస్తుంది. ఈ పని మానేయాల్నా, ఏ పూసలు వాడాలె? బతుకమ్మకు మా నాలుగేళ్ల పాపకు కూడా ఓ దండ చేయొచ్చా?

జవాబు: అమ్మా, పని మానేయాల్సిన అవసరం లేదు, పూసలు మార్చాలె. బంగారంతో రాదు, గిల్టు పూసలతో వస్తుంది అంటున్నరు కాబట్టి ముందు నాకొచ్చే అనుమానం నికెల్ అనే లోహంతో వచ్చే ఎలర్జీ. నగలతో వచ్చే చర్మం ఎలర్జీల్లో ఎక్కువ కనపడేది ఇదే. జీన్స్ ప్యాంటు గుండీ తగిలే చోట బొడ్డు కింద గానీ, వాచీ బకిల్ కింద గానీ ఎప్పుడైనా దురద వచ్చిందా గుర్తు చేస్కోండి, వచ్చుంటే అనుమానం ఇంకా గట్టిపడ్తది.

పూస పైకి బంగారు రంగుల మెరుస్తున్నా దాని కింద చాలాసార్లు నికెల్ పూత ఉంటది, నునుపుగా మెరవడానికి వేస్తరు. పైపూత అరిగినంక మన చెమటల ఉండే ఉప్పుకు ఆ నికెల్ కొంచెం కొంచెం కరిగి చర్మంలకు దిగుతది, మన దగ్గర ఎండాకాలంల ఈ బాధ ఎక్కువయ్యేది అందుకే. పైగా ఇది వేస్కున్న వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు ఆగి కూడా వస్తది, దాంతోటి చాలామంది దండను వదిలేసి తిన్న వంకాయ మీదనో మార్చిన సబ్బు మీదనో నెపం పెడ్తరు. ఒకసారి పట్టుకుంటే ఈ ఎలర్జీ మామూలుగా జీవితాంతం ఉంటది, కాకపోతే ఆ లోహం తగలకుండా చూస్కుంటే దద్దుర్లు రావు.

ఇక పూసల సంగతి. జర్మన్ సిల్వర్ పూసలు మీరు అస్సలు ముట్టుకోవద్దు, అది రాగి, జింకు, నికెల్ కలిపి చేసేది, అందుల వెండి ఉండదు. 92.5 వెండి పూసలైతే మంచిది, మిగిలిన 7.5 శాతం ఎక్కువగా రాగే ఉంటది. పూత లేని రాగి, ఇత్తడి కూడా మీకు చాలావరకు పడ్తయి, మెడ మీద పచ్చటి మరక పడితే భయపడకండి, అది రాగి మరక, కడిగితే పోతది, ఎలర్జీ కాదు. 316ఎల్ అనే రకం స్టీల్‌ల నికెల్ ఉన్నా బయటికి పెద్దగా వదలదు, చాలామందికి ఏం కాదు. వన్ గ్రాం గోల్డ్ పూసలు మాత్రం కింద ఏం లోహం ఉందో తెల్వకుండా కొనకండి.

చాలామంది పూసలన్నీ మార్చి వెనక హుక్కు, కలిపే రింగులు పాతవే ఉంచుతరు, మెడ వెనక దద్దుర్లు పోకపోవడానికి కారణం అదే, కమ్మల కాడలు కూడా అంతే, ముందు వాటినే మార్చండి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తదని కొందరు చెప్తరు, నమ్మకండి, ఇత్తడి మీద పల్చటి నికెల్ పూత ఉన్నా అయస్కాంతానికి అంటుకోకపోవచ్చు. నికెల్ టెస్ట్ కిట్ అని ఆన్‌లైన్‌ల దొరుకుతది, డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే మందు, దూదిపుల్లకు రెండు చుక్కలేసి పూసను రుద్దితే నికెల్ ఉన్నకాడ గులాబీ రంగు వస్తది. పూసను కొంచెం గీకి రుద్దండి, లేకుంటే కింది పూత దొరకదు. చింతపండు, నిమ్మకాయ పెట్టి పూత పూసలను తోమొద్దు, ఆ పులుపుకు పైపూత తొందరగా పోతది.

పూసలు చేత్తో కాకుండా చిమటతో పట్టి గుచ్చండి, నైట్రైల్ గ్లౌజులు వేస్కోండి, పని అయినంక చేతులు కడిగి కొబ్బరినూనె రాయండి. అయితే వేళ్ల పగుళ్లు గమ్ము వల్లనో గిన్నెల సబ్బు వల్లనో కూడా రావొచ్చు, అది తేల్చడానికి ప్యాచ్ టెస్ట్ ఉంది, అనుమానం ఉన్న పదార్థాలు పెట్టిన పట్టీలు వీపు మీద అంటించి 48 గంటలకు తీసి చూస్తరు, ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తరు.

ఆ ట్యూబు ఈ రోజే ఆపండి. అడిగితే ఇచ్చే ట్యూబుల్ల చాలావాటిల క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఉంటది, మెడ మీద నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడ్తది, చారలు పడ్తయి. తక్కువ పవర్ క్రీము కొన్ని రోజులకే, డాక్టర్ చూసి రాసిస్తేనే వాడాలె.

పాపకు మాత్రం మెటల్ పూసలు వద్దు, ఇది నేను గట్టిగా చెప్తున్న. చవక లోహపు పూసల్ల సీసం, క్యాడ్మియం లాంటి విషపు లోహాలు ఉండొచ్చు, పాత ఇత్తడి కరిగించి పోసినవాటిల కూడా సీసం ఉండే అవకాశం ఉంది, పిల్లలు నోట్లె పెట్టుకోకుండా ఉండరు. 2006ల అమెరికాల మిన్నెసోటాల నాలుగేళ్ల బాబు సీసంతో చేసిన చిన్న లాకెట్టు మింగి చనిపోయిండు. పండుగకు బంతిపూల దండ వేయండి, సరిపోతది. ఎప్పుడైనా పూస మింగితే అరటిపండు పెట్టి చూద్దామని ఆగకండి, వెంటనే హాస్పిటల్‌కు తీస్కపోండి. చెవులు కుట్టించేటప్పుడు 22 క్యారెట్ల బంగారమే పెట్టించండి, ఈ ఎలర్జీ చాలామందికి మొదలయ్యేది చెవి కుట్టించిన కాడే.

దద్దుర్ల నుంచి చీము, పసుపు పచ్చ రసి కారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా వరంగల్ ఎంజీఎం హాస్పిటల్‌ల స్కిన్ ఓపీకి గానీ దగ్గర్ల ఉన్న స్కిన్ డాక్టర్ దగ్గరికి గానీ పోండి. పోయేటప్పుడు ఇప్పుడు వాడుతున్న పూసలు, హుక్కులు, గమ్ము, ఆ ట్యూబు అన్నీ ఒక కవర్ల వేస్కొని తీస్కపోండి.